అమెరాత్‌కు బస్సు లేదు

మా స్కూలు వార్షికోత్సవ సంచికలో మొదటి పేజీ ఇలా మొదలవుతుంది: "నాణ్యమైన విద్య కోసం తపించిన కొందరు తల్లిదండ్రులు గుబ్రాలో రెండు అద్దె విల్లాల్లో నాటిన చిన్న మొక్క..." చదివి నవ్వొచ్చింది. మస్కట్‌లో మొక్క నాటితే దానికి రోజూ నీళ్ళు మోసేవాళ్ళు ఉండాలి. ఆ మోసినవాళ్ళ సంగతి ఆ పేజీలో లేదు. మొక్క ఎందుకు నాటాల్సి వచ్చిందో అసలే లేదు.

నిజానికి ఆ పేజీ రాయమని ముందు నన్నే అడిగారు. నా దగ్గరే చదువుకుని ఇప్పుడు అదే స్కూల్లో టీచరుగా ఉన్న అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మొదటి రోజు నుంచీ ఉన్నది మీరొక్కరే. చరిత్ర రెండు పేజీలు రాసివ్వండి" అంది. రాసిచ్చాను. ఐదు పేజీలయింది. అచ్చయి వచ్చేసరికి నా ఐదు పేజీల్లో ఒక్క వాక్యం మిగిలింది: "తొలినాళ్ళలో రవాణా సదుపాయాలు పరిమితంగా ఉండేవి." అది కూడా నా వాక్యం కాదు. నేను రాసినదాన్ని ఇస్త్రీ చేస్తే అలా అయింది.

అందుకని ఆ ముడతలన్నీ మళ్ళీ ఇక్కడ పరుస్తున్నాను. కొత్తగా టీచరు ఉద్యోగాల్లో చేరే అమ్మాయిల కోసం రాస్తున్నాను. నేను పోయినేడు ఉద్యోగం మానేశాను. నన్నింక ఎవరూ స్టాఫ్ మీటింగుకు పిలిచి సంజాయిషీ అడగలేరు.

తపన పడ్డ తల్లిదండ్రులున్న మాట నిజమే. దేనికోసం పడ్డారన్న దగ్గరే నా తగాదా. అంతకుముందు మా అందరి పిల్లలూ చదివింది ఒక పెద్ద స్కూల్లో. దానికి రెండు పూటలు. పొద్దున పూట ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. మధ్యాహ్నం పూట మత్రా సూక్ అనే పాత బజారులో చిన్న దుకాణాలవాళ్ళు, దర్జీలు, డ్రైవర్లు, ఫ్యామిలీ వీసా దొరికిన సూపర్‌వైజర్ల పిల్లలు. ఇలా విడదీయాలని ఎక్కడా రాసిలేదు. పొద్దున సీట్లు ముందు దరఖాస్తు పెట్టినవాళ్ళకు, అన్నో అక్కో అదే పూటలో చదువుతున్నవాళ్ళకు. అలా ఏళ్ళ తరబడి ఒకే ఇళ్ళ నుంచి పిల్లలు వస్తూ ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు అనేవాళ్ళం. నేను పొద్దున పూటలో సోషల్ టీచర్ని.

రెండు పూటల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడూ చూడకుండా. మా క్లాసులో ఒక పిల్ల బల్ల లోపల పెన్సిల్‌తో "నువ్వెవరు?" అని రాసింది. మర్నాటికి కింద జవాబు. "నీ ఫ్రెండ్. సాయంత్రం నీ సీటు నాది." ఈ ఉత్తరాలు నెల రోజులు నడిచాయి. పిల్ల తల్లికి తెలిసింది. ఆవిడ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి బల్లలు రోజూ డెటాల్‌తో తుడిపించమని అడిగింది. శుభ్రత కోసమట. తుడిపించారు. మొదటి పీరియడ్ నాదే. ఆ వాసనలోనే అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పేదాన్ని.

ఆ స్కూలుకు కొత్త అంతస్తులు లేచాయి. వచ్చే ఏప్రిల్ నుంచి రెండు పూటలూ తీసేసి అందరూ పొద్దునే వస్తారని ప్రకటించారు. చలికాలంలో ఆ ప్రకటన వచ్చింది. ఏప్రిల్‌కల్లా గుబ్రాలో మా మొక్క నాటుకుంది. నాణ్యత మీద అంత తపన పుట్టడానికి అంతకుముందు పదేళ్ళుగా తీరిక ఎందుకు దొరకలేదో సంచికవాళ్ళు చెప్పాలి.

నేనెందుకు వెళ్ళాను? నన్ను సోషల్ విభాగానికి హెడ్ అన్నారు. మూడో క్లాసు చదివే మా అబ్బాయికి సీటన్నారు. ఇవి రెండూ నిజమే గానీ మూడోది కూడా ఉంది. క్లాసుకు నలభై ఐదుమంది ఉంటే, అందులో సగం ఇంట్లో ఎవరూ చదువు చెప్పలేని పిల్లలయితే, నా రిజల్టు పడిపోతుందని భయపడ్డాను. ఆ భయాన్ని అప్పుడు ఎవరికీ చెప్పలేదు. "కొత్త చోట స్వేచ్ఛ ఉంటుంది" అని చెప్పుకున్నాను.

కొత్త స్కూలు కమిటీకి అధ్యక్షుడు మా జిల్లావాడే. పెద్ద కాంట్రాక్టు కంపెనీలో మేనేజరు. నా కంటే ఆరేళ్ళు చిన్న. మర్యాదస్థుడు, ఎవరినీ కసరడు. మొదటి మీటింగులో ఒక పెద్దమనిషి, "మళ్ళీ అందరూ ఇక్కడికే వచ్చేస్తే మనం బయటికొచ్చి ఏం లాభం? ఏదో ఒక రూలు పెట్టాలి" అన్నాడు.

అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. "అలాంటి మాటలు మినిట్స్‌లో రాకూడదండీ. మనం ఎవర్నీ వద్దనం. ఎవర్నీ అనకూడదు కూడా." నా వైపు తిరిగాడు. "మేడమ్ గారూ, మీది జాగ్రఫీ కదా. బస్సు రూట్లు మీరు గీసి పెట్టండి."

చూడండి ఎంత సున్నితమో. నాకు అప్పుడే అర్థం కాలేదంటే అబద్ధం. అర్థమైంది. పైగా పని చక్కగా చేసి చూపించాలన్న ఉబలాటం కూడా కలిగింది. పెద్ద చార్టు తీసుకుని నాలుగు రంగుల్లో నాలుగు రూట్లు గీశాను. గుబ్రా, అల్ ఖువైర్, కురుమ్, రూవీ. రూవీలో కూడా బ్యాంకుల వెనక వీధి దాకానే. మత్రా సందుల్లో బస్సు తిరగదని రాశాను. సందుల్లోకి వెళ్ళక్కర్లేదు, సముద్రపు ఒడ్డు రోడ్డు మీద ఆగితే చాలని నాకు తెలుసు. వాదీ అదై దగ్గర కొండల మధ్యకు దారి చీలి, అవతల ఉన్న అమెరాత్‌కు పోతుంది కదా, అక్కడ రూవీ రూటు ఎర్ర గీతను వెనక్కి తిప్పేశాను. ఆ రోజుల్లో అమెరాత్‌లో అద్దెలు తక్కువ. కుటుంబాన్ని తెచ్చుకోగలిగిన డ్రైవర్లు, మేస్త్రీలు ఎక్కువమంది అక్కడే ఉండేవాళ్ళు.

చార్టు కింద ఒక నిబంధన కూడా రాశాను. "విద్యార్థుల భద్రత దృష్ట్యా, పాఠశాల బస్సు మార్గంలో నివసించే వారికే ప్రవేశం." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆ వాక్యం మీద గర్వంగా ఉండేది, ఎక్కడ నొక్కినా దొరకని వాక్యమని.

చార్టు చూసి మా హిందీ టీచర్ పెదవి విరిచింది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. పెద్ద స్కూలు నుంచి నాతోపాటే వచ్చింది, నాతో మొహమాటం లేదు.

"అరె, గిదేంది? కొండ కనబడంగనే నీ బస్సు భయపడి వాపస్ వస్తదా?"

"పిల్లలకు ప్రయాణం ఎక్కువవుతుందే."

"ఎవరి పిల్లలకు?" అని, జవాబు వినకుండా టీ తెచ్చుకోవడానికి లేచిపోయింది.

ఆ ఏడాదంతా అమెరాత్ నుంచి దరఖాస్తులు వస్తూనే ఉన్నాయి. ఆఫీసు కిటికీ దగ్గర ఒకటే జవాబు. "సారీ, అమెరాత్‌కు బస్సు లేదు." కాదన్నది మేం కాదు, బస్సు. తండ్రులు కూడా కోపపడేవాళ్ళు కాదు. "వచ్చే ఏడు పడుతుందా మేడమ్?" అని అడిగి, దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. మనిషి వద్దంటే ఇంట్లో కూర్చుని తిట్టుకోవచ్చు. బస్సు రాకపోతే ఎవర్ని తిడతారు?

అయితే నా చార్టులో ఒక సంగతి పడలేదు. విల్లాల దగ్గర బస్సులు పెట్టుకునే చోటు లేదు. అందుకని సాయంత్రం పిల్లల్ని దింపాక డ్రైవర్లు బస్సుల్ని ఇళ్ళకే తీసుకుపోయేవాళ్ళు. పొద్దున అక్కడి నుంచే బయలుదేరేవాళ్ళు. ఇక్కడ చాలాచోట్ల అదే పద్ధతి. మూడో నంబరు బస్సు, అంటే నా ఎర్ర గీత బస్సు, డ్రైవరు అమెరాత్‌లో ఉండేవాడు. రోజూ ఐదింటికి ముందే అమెరాత్‌లో బయలుదేరి, కొండల మధ్య దారంతా ఖాళీగా వచ్చి, వాదీ అదై దాటాక మొదటి పిల్లను ఎక్కించుకునేవాడు. సాయంత్రం మళ్ళీ ఖాళీగా అదే దారి. ఏడాదిన్నర పాటు అమెరాత్‌కు బస్సు లేదని చెప్పిన ప్రతి రోజూ మా బస్సు అమెరాత్ వెళ్ళి వస్తూనే ఉంది. నేను జాగ్రఫీలో ఎమ్మే చేశాను. నాకు తెలియలేదు.

చెప్పింది ఆ డ్రైవరే. ప్రొద్దుటూరు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో కడప తెలుగు. నాకంటే ఐదేళ్ళన్నా పెద్ద. నేను అతన్ని 'నువ్వు' అనేదాన్ని, ఆరేళ్ళు చిన్నవాడైన అధ్యక్షుణ్ణి 'మీరు' అనేదాన్ని. ఇది ఇప్పుడు రాస్తుంటే తట్టింది, అప్పుడు తట్టలేదు.

ఒక సోమవారం స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో అడ్మిషన్ ఫారం. వెనకాల పదేళ్ళ పిల్ల, నూనె రాసి దువ్విన రెండు జడలు, చంకలో పరీక్ష రాసే అట్ట.

"బాగుండారా మేడమ్?"

"ఏం భాయ్, లోపలికి రా. పాప ఎవరు?"

"నా కూతురు మేడమ్. ఐదో క్లాసు. నాలుగు నెల్లాయ ఊరి నించి వచ్చి. పెద్ద స్కూల్లో సీట్లు అయిపోయినాయంట. ఇంట్లోనే ఉండాది."

ఫారం తీసుకున్నాను. చిరునామా దగ్గర అమెరాత్ అని ఉంది. రోజూ కిటికీ దగ్గర వినబడే మాట నా నోటికీ వచ్చేసింది. "అమెరాత్‌కు బస్సు లేదు కదా భాయ్."

అతను నవ్వాడు. వెక్కిరింపు కాదు, నేనేదో జోకు వేశాననుకున్నాడు.

"అదేంది మేడమ్ అట్లంటారు? బస్సు మా ఇంటి ముందరే కదా పండుకునేది. పొద్దన్నే నేను లేపుకొని వస్తా. ఈ పాప కిటికీలో నిలబడి చేయి ఊపుతాది. వెనకాల నలభై సీట్లు ఖాళీ."

హిందీ టీచర్ కాపీలు దిద్దడం ఆపి మా వైపు తిరిగి కూర్చుంది.

"మరి నాకెవరూ చెప్పలేదే" అన్నాను. నిజంగా అదే అన్నాను, సిగ్గు లేకుండా.

"మీరు అడగలే గదా మేడమ్." ఆ మాటలో తప్పుపట్టడమేమీ లేదు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంగొక మాట. ఈ ఏడు స్కూలు లేకుండా పోతే పాపను, వాళ్ళమ్మను ఊరికి పంపించేయాల. పదకొండేండ్లు నేనొక్కన్నే ఉండా మేడమ్ ఈడ. ఇప్పుడిప్పుడే ఇంట్లో అన్నం తింటాండా."

పరీక్ష పెట్టే అధికారం నాది. వెంటనే పెట్టాను. లెక్కలు చేసింది. ఇంగ్లీషు తడబడింది గానీ రాసింది. సోషల్‌కి ప్రశ్నలు వద్దనుకుని, తెల్ల కాగితమిచ్చి, మీ ఇంటి నుంచి స్కూలుకు దారి గీయమన్నాను.

"నేను ఇంతకుముందు ఈ స్కూలుకు ఎప్పుడూ రాలేదు మేడమ్. ఈ రోజే ఫస్ట్. టాక్సీలో వచ్చాను" అంది.

"తెలిసినంత గీయి."

అరగంటకు ఇచ్చింది. ఇల్లు. ఇంటి ముందు బస్సు, దానికి కళ్ళు కూడా పెట్టింది. కొండలు. కొండల మధ్య దారి, పక్కనే నీలం రంగు వాదీ, అంటే వానొస్తేనే పారే వాగు, 'నీళ్ళు వస్తే నాన్న ఆగుతాడు' అని పక్కన చిన్న అక్షరాలు. ఆ తర్వాత నా ఎర్ర గీతలోని స్టాపులన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ తప్పకుండా. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో కూడా రాసింది. ఒక చోట 'రోజూ లేటు' అని ఉంది. అది అధ్యక్షుడి పిల్లల స్టాపు. తండ్రి రోజూ ఇంటికెళ్ళి చెప్పే కబుర్లను పోగేసి, ఎప్పుడూ ఎక్కని బస్సు దారంతా గీసిపెట్టింది.

ఆ కాగితం చూసి నేను ఆగలేకపోయాను. "నీకు వందకు వంద. శనివారం నుంచి రా. రంగు పెన్సిళ్ళు తెచ్చుకో" అనేశాను. అప్పట్లో ఇక్కడ వారం శనివారం మొదలయ్యేది. ఆ పిల్ల తండ్రి మొహం చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. "యూనిఫామ్ మేడమ్?" అంది. "ఆఫీసులో తీసుకోండి" అన్నాను. తీసుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక హిందీ టీచర్ అంది. "కమిటీ ఒప్పుకోకముందే చెప్పేసినవ్."

"ఎలా ఒప్పుకోరు? రూలు నాది. బస్సు మార్గంలో ఉన్నవాళ్ళకు ప్రవేశం అని రాశాను. బస్సు ఆ పిల్ల ఇంటి ముందే ఉంది. ఏమని కాదంటారు?"

"నాకేం తెల్సు? నువ్వు మస్తు మాట్లాడ్తవ్ కదా. చూద్దాం."

నేను మస్తు మాట్లాడతానన్నది నిజం. మా ఇంట్లో అది తిట్టు, స్టాఫ్ రూమ్‌లో బిరుదు. సోమవారం నుంచి బుధవారం దాకా నేను చేసిందల్లా మాటలు కూర్చుకోవడమే. వంట చేస్తూ, కాపీలు దిద్దుతూ, కమిటీ ఏమంటే నేనేమనాలో అనుకుంటూ ఉన్నాను. చాలా హుషారుగా ఉంది, దాచను.

బుధవారం సాయంత్రం మీటింగు. చార్టు గోడకు తగిలించే ఉంది. దాని పక్కన ఆ పిల్ల బొమ్మ పెట్టాను. అధ్యక్షుడు చూసి మెచ్చుకున్నాడు.

"బాగా గీసిందండీ. కానీ అమెరాత్ మన రూట్‌లో లేదు కదా మేడమ్ గారూ. నిబంధన మీరే రాశారు."

"బస్సు రోజూ అక్కడి నుంచే వస్తోంది కదండీ."

"అది రూట్ కాదు. పార్కింగ్."

"డ్రైవరు ఎక్కితే పార్కింగూ, పిల్ల ఎక్కితే రూటూనా?"

ఎవరో నవ్వారు. నాకు ఊపొచ్చింది. "మనం ఏడాదిన్నరగా అమెరాత్‌కు బస్సు లేదని తండ్రులకు చెబుతున్నాం. బస్సు ఉంది. ఖాళీగా వెళ్తోంది, ఖాళీగా వస్తోంది. అంటే మనం చెప్పేది అబద్ధం. చార్టు తప్పయినా ఒప్పుకోండి, మాట తప్పయినా ఒప్పుకోండి. రెండూ ఒప్పు కావడానికి వీల్లేదు." ఇంకా ఇలాంటివి నాలుగైదు అన్నాను. ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అధ్యక్షుడు కాసేపు చార్టు వైపు చూశాడు. "మేడమ్ గారు చెప్పింది కరెక్టేనండీ" అన్నాడు. నా గుండె పొంగింది. "ఇది పెద్ద లోపం. మన దృష్టికి తెచ్చినందుకు థాంక్స్. బస్సులు రాత్రి ఎక్కడెక్కడో ఉండడం సేఫ్టీ పరంగానూ మంచిది కాదు. మా కంపెనీ యార్డు పక్కనే ఉంది. శనివారం నుంచి బస్సులన్నీ అక్కడే ఉంటాయి. డ్రైవర్లు వచ్చి తీసుకుంటారు. ఏ బస్సూ రూట్ దాటి వెళ్ళదు." నన్ను చూసి నవ్వాడు. "ఇప్పుడు మీ చార్టు కరెక్టే కదా మేడమ్ గారూ?"

అందరూ నా వైపు చూశారు.

ఆ గదిలో నేను అనాల్సిన మాట ఒకటుంది. చార్టు సంగతి వదిలేయండి, ఈ పిల్లను చేర్చుకుంటారా లేదా, ఎందుకు చేర్చుకోరో నోటితో చెప్పండి అని. నాలుగు ముక్కల మాట. మూడు రోజులు కూర్చుకున్న మాటల్లో అది లేదు. నేను తయారైందంతా వాళ్ళ మాటలో తప్పు పట్టడానికే. తప్పు ఒప్పేసుకున్నారు, సరిదిద్దేశారు కూడా. పైగా ఎదురుగా ఇరవైమంది, పక్క విల్లాలో మా అబ్బాయి క్లాసు, వచ్చే నెలలో నా కాంట్రాక్టు పొడిగింపు.

"కరెక్టే" అన్నాను.

మినిట్స్‌లో అలాగే రాశారు. 'సోషల్ విభాగాధిపతి సూచన మేరకు' అని కూడా చేర్చారు.

బయటికొచ్చాక హిందీ టీచర్‌కు జరిగింది చెప్పాను. కారు తలుపు తీస్తూ అంది. "నువ్వు గెల్వనీకి పోయినవ్. పోరి కోసం పోలే." ఆవిడకూ నాకూ తర్వాత ఎన్నో ఏళ్ళ స్నేహం నడిచింది. ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు, ఎత్తే అవసరం రాలేదు.

గురు, శుక్రవారాలు సెలవు. అతని ఫోన్ నంబరు నా దగ్గరుంది. శనివారం రావద్దని పాపకు చెప్పమని ఫోన్ చేయాలి. గురువారం పొద్దున అనుకున్నాను, సాయంత్రం చేద్దామనుకున్నాను. శుక్రవారం నమాజు అయ్యాక చేద్దామనుకున్నాను. ఆఫీసువాళ్ళు ఎలాగూ బస్సు గురించి చెబుతారు కదా, అప్పుడే ఇదీ చెప్పేస్తారులే అనుకున్నాను. నోరు గల మనిషినని పేరు పడ్డ నేను రెండు రోజులు ఒక్క ఫోన్ చేయలేకపోయాను.

శనివారం మూడో నంబరు బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. ఆఫీసుకు తల్లుల ఫోన్ల మీద ఫోన్లు. బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. పిల్లలందరూ దిగేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆఖరి పిల్లాడు దిగాక లోపలికి తొంగి చూశాను కూడా. ఇంకెవరూ లేరు. అతను స్టీరింగ్ దగ్గరే కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

"ఏమైంది భాయ్?"

"ఆ టైములో షేర్ టాక్సీ దొరకల్యా మేడమ్. రోడ్డు దాకా నడిచి, ఒక నీళ్ళ ట్యాంకర్ ఆపి ఎక్కి వస్తి. బండి నిన్న రాత్రే యార్డులో పెట్టించుకున్నారు."

"ఆఫీసువాళ్ళు... పాప సంగతి చెప్పారా?"

"లేదు. బండి సంగతే చెప్పినారు." చెమట తుడుచుకున్న గుడ్డ మడిచాడు. "బండి రాకపోతే రూటు లేదు, రూటు లేకపోతే సీటు లేదు. అంతే గదా మేడమ్. ఎవురో చెప్పాలనేం లేదు."

"నేను మీటింగులో చాలా చెప్పాను భాయ్..."

"తెల్సు మేడమ్. ఆఫీసు బాయ్ చెప్పినాడు." బస్సు తాళాలు జేబులో వేసుకున్నాడు. "మేడమ్ వాదిస్తే అడ్డం ఎవరూ ఉండరని అందరూ అంటాంటారు. నిజమే."

ఆ మాటను ఇన్నేళ్ళలో చాలా రకాలుగా పలికి చూసుకున్నాను. ఎత్తిపొడుపు ఉందా, లేదా? ఉంటేనే నాకు కొంచెం నయమనిపిస్తుంది.

"పాపకు ఏం చెప్పావు?" అని అడిగాను. అసెంబ్లీ బెల్లు మోగింది. "లైన్‌లో నిలబడాల గదా మేడమ్, మీరు పోండి" అన్నాడు. వెళ్ళాను. ప్రార్థన, ప్రతిజ్ఞ, ఆ రోజు మంచి మాట. మంచి మాట చెప్పే వంతు నాదే.

రెండు నెలలకు తల్లీ కూతుళ్ళు ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. అతను కూడా మా స్కూలు మానేసి సలాలా పోర్టులో ట్రైలర్ నడపడానికి వెళ్ళాడని హిందీ టీచర్ చెప్పింది. యూనిఫామ్ తిరిగి ఇవ్వలేదని ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళు గొణిగారు.

ఇప్పుడు మా స్కూలు బస్సులు ఆరు అమెరాత్ వెళ్తున్నాయి. కొండల మధ్య దారి దూరం తగ్గిందనుకునేరు. అమెరాత్‌లో కొత్త విల్లాలు లేచాయి, అద్దెలు చూసుకుని ఇంజనీర్లూ బ్యాంకువాళ్ళూ అక్కడికి మారారు. పిల్లలకు ప్రయాణం ఎక్కువవుతుందని ఎవరూ అనడం లేదు. సంచికలో ఆ ఆరు బస్సుల ఫోటో ఉంది. కింద 'మా ఎదుగుదల' అని రాశారు.

మీకు సలహాలిచ్చే అర్హత నాకుందనుకోను. ఒక్కటి మాత్రం చెబుతాను. మీ స్కూల్లో ఎవరూ ఎవర్నీ కాదనకపోయినా కొందరు రాకుండా పోతుంటే, కాదంటున్నది ఏమిటో వెతకండి. అది ఒక ఫారం కావచ్చు, ఒక టైము కావచ్చు. దాన్ని గీసింది మీకు బాగా తెలిసిన చెయ్యే కావచ్చు. వెతికి పట్టుకున్నాక మీటింగులో చెప్పే ముందు, మీరు ఎవరికోసం వెళ్తున్నారో ఒకసారి పేరుతో సహా తలుచుకోండి. నేను పిల్ల పేరు లేకుండా వెళ్ళాను.

ఉద్యోగం మానేసే రోజు పాత ఫైళ్ళు చూస్తుంటే ఆ బొమ్మ దొరికింది. అనుమతి అడగకుండా ఇంటికి తెచ్చుకున్నాను. బస్సుకు కళ్ళు ఇంకా చెదరలేదు. నీలం వాదీ కాస్త వెలిసింది. ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై ఎనిమిదో ఇరవై తొమ్మిదో ఉంటాయి. ఎక్కడుందో తెలియదు, ఏం చదివిందో తెలియదు. వెతికి పట్టుకుని క్షమాపణ చెప్పాలన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, అది నా మనశ్శాంతి కోసమే అవుతుందని మానుకున్నాను.

ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. ఆ శనివారం చీకటితోనే లేచి, రెండు జడలు వేసుకుని, కొత్త యూనిఫామ్ తొడుక్కుని, రంగు పెన్సిళ్ళు పట్టుకుని ఆ పిల్ల వాకిట్లోకి వచ్చి ఉంటుంది. ఇంటి ముందు బస్సు ఉండదు. పక్కన టాక్సీ కోసం బయలుదేరుతున్న తండ్రి. బస్సు ఏదని అడిగి ఉంటుంది కదా. అప్పుడు ఆయన ఏం చెప్పి ఉంటాడు?